గుహ కప్పున గుల్లలు

నా బామ్మర్ది గోపీకి కళ్ళున్నాయి, తలకు కట్టుకున్న లైటూ ఉంది. అయినా చేత్తోనే చూస్తాడు. నగరిలో మగ్గాల ఇల్లు వాళ్ళది. తెగిన పోగును మగ్గం కింద వేళ్ళతో తడిమి పట్టుకోవడం నడక కంటే ముందే నేర్చుకుని ఉంటాడు. ఇప్పుడు జంతువుల మీద పరిశోధన చేస్తున్నాడు గానీ, బుద్ధి మాత్రం ఆ మగ్గం కిందే ఉండిపోయింది. "బొక్కల్లో చెయ్యి పెట్టొద్దురా" అని పడవ ఎక్కేముందే చెప్పాను.

నేను తిరుపతిలో భూగర్భశాస్త్రం పాఠాలు చెబుతాను. పులికాట్ దాటితే తీరమంతా ఇసుకే. ఆ ఇసుకలో ఒకచోట గ్రానైటు గుట్ట సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉందనీ, దాని కింద గుహ ఉందనీ విని ఆగలేకపోయాను. పడవాయన ఆదిమూలం మమ్మల్ని దించి, వలలు చూసుకుని సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు. ఫోన్లకు సిగ్నల్ లేదు.

లోపల నిజంగా బాగుంది. ఉప్పుగాలి రాతిలోని మెత్తటి భాగాన్ని తినేసి పలుగురాయి గింజల్ని మిగిల్చింది. గోడ తగిలితే చర్మం గీసుకుపోతోంది. ఎత్తుగా ఉన్నచోట గబ్బిలాలు వేలాడుతున్నాయి. వెనక్కి పోయేకొద్దీ కప్పు దిగిపోయి, పడుకుంటే తప్ప దూరలేని సందు ఒకటుంది. గోపీ అందులోకి వెల్లకిలా పాకాడు. నేను ఫొటోలు తీసుకుంటుండగా వాడి అరుపు వినిపించింది.

కప్పులో ఉన్న పగులులోకి భుజం దాకా చెయ్యి పోనిచ్చాడు. పెద్ద పీత ఒకటి చూపుడువేలు పట్టుకుని, వీపు రాతికి అదిమి బిగుసుకుందట. నేను పాకి వెళ్ళి కోపంకొద్దీ భుజం పట్టి లాగాను.

"లాగొద్దు బావా. లాగేకొద్దీ ఇంకా బిగిస్తాండాది. పైకి నీళ్ళొస్తే అదే వదిలేస్తాది. కాసేపుండు."

అప్పుడు నా లైటు వెలుగు కప్పు మీద పడింది. వాడి ముక్కుకు జానెడు పైన, కప్పునిండా తెల్లటి చిన్న గుల్లలు అంటుకుని ఉన్నాయి. సముద్రం రోజూ ముంచే రాతి మీదే అవి బతుకుతాయి. పోటు నీళ్ళు అప్పటికే వాడి చెవులు తడుపుతున్నాయి. ఆ నీళ్ళు పీత దాకా చేరాలంటే ముందు వాడి నోరు, ముక్కు దాటాలి. వాడూ గుల్లల్ని చూశాడు.

"ఏం చేద్దాం బావా? రాళ్ళ సంగతి నీకే గదా తెలిసేది."

రాళ్ళ సంగతి నాకు తెలిసినదాంట్లో ఒక్కటే పనికొచ్చింది. గ్రానైటు నిలువునా, చాలా దూరం పగులుతుంది. ఈ పగులు గుట్ట పైదాకా పోయి ఉంటే, అక్కణ్ణించి నీళ్ళు పోసి పీతను తడపొచ్చు. పోయి ఉండకపోతే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం లేదు.

"పైకెక్కి నీళ్ళు పోస్తా. నువ్వు అరుస్తా ఉండు. నీ గొంతు యాడ వినబడితే ఆడ పోస్తా."

"ఈడ నన్నొక్కణ్ణే ఇడిసిపెట్టి పోవద్దు బావా." రెండో చేత్తో నా చొక్కా పట్టుకున్నాడు. విడిపించుకుని బయటపడ్డాను.

గుట్ట ఎక్కుతుంటే అరచేతులు చీరుకుపోయాయి. పైన నాలుగైదు పగుళ్ళు కనిపించాయి. ఒక్కోదానికి చెవి ఆనిస్తూ పోయాను. చివరికి ఒకదాంట్లోంచి "బావా, బావా" అని సన్నగా వచ్చింది. కిందికి దిగి, మేం తెచ్చుకున్న క్యారియర్ గిన్నెలో అన్నం పారబోసి, దాంతో నీళ్ళు ముంచుకుని, ఎక్కి పోశాను. మళ్ళీ దిగాను, మళ్ళీ ఎక్కాను. పోసిన ప్రతిసారీ చెవి పెట్టి విన్నాను. గొంతు పలచబడింది. ఆపైన వినబడనేలేదు.

"రేయ్ గోపీ" అని పగుల్లోకి పిలిచాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. నా భార్య భువనేశ్వరి ముఖం కళ్ళముందు మెదిలింది. వాడు ఆమెకు ఒక్కడే తమ్ముడు. లోపలికి పరుగెత్తాలా, ఇంకో గిన్నె పోయాలా తేల్చుకోలేకపోయాను. దిగి, ముంచి, ఎక్కి పోశాను. తర్వాత దిగానో పడ్డానో తెలియదు.

గుహలో నడుంలోతు నీళ్ళు. సందు మునిగిపోయింది. దాని పక్కన గోపీ గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు. వేలు నల్లగా వాచిపోయింది.

"ఎందుకు పలకలేదురా?"

"నీళ్ళు మూతి మీదికొచ్చినాయి బావా. నోరు తెరిస్తే లోపలికి పోతాయని మూసుకోని ఉన్నా. కడసారి పోసినావు సూడు, అప్పుడు వదిలింది."

తిట్టబోతే ఏడుపొచ్చింది. వాడి రెండో చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి ఎండలో కూర్చోబెట్టాను. ఆ చెయ్యి వదలకుండానే పక్కన కూర్చుని పడవ కోసం చూశాను. దూరంగా ఆదిమూలం పడవ కనిపించింది.

"నొస్తాండాది బావా, ఇంక చెయ్యి వదులు" అన్నాడు గోపీ.

వదులుదామనే చూశాను. నా వేళ్ళు నా మాట వినలేదు.