మోకాళ్ళ సీసా

శనివారం వచ్చిందంటే సీసాలు తుడవడం నా పని. షోకేసు తాళం తీసి, పాత పంచె ముక్క తడిపి గట్టిగా పిండి, ఒక్కో సీసానీ మెడా అడుగూ పట్టుకుని పురిటిబిడ్డని తుడిచినట్టు తుడవాలి. చీటీ తడవకూడదు, దాని అంచు లేవకూడదు. మళ్ళీ దాని చోటే, పేరు ముందుకొచ్చేలా పెట్టాలి. మా ఆయన ఇంట్లో ఉంటే పేపరు మీంచి చూస్తూ, "అది చీపురుకట్ట కాదు, నిదానం" అనేవారు. లేకపోతే ఉత్తరంలో రాసేవారు. పదేళ్ళు తుడిచేను. ఒక్కటీ పగలలేదు. పగలనందుకు ఎవరూ ఏమీ అనలేదు. పగిలుంటే మాత్రం పేట పేటంతా తెలిసేది.

మా ఆయన పేరు జోజి. దుబాయి జోజిగారిల్లంటే తాటిపాక సెంటర్లో ఎవరైనా చూపించేవారు. డెబ్భై నాలుగులో వెళ్ళేరు, ఎనభై అయిదులో పూర్తిగా వచ్చేసేరు. అక్కడ ఇంగ్లీషు కంపెనీ క్యాంపులో స్టోరుకీపరు. దొరలు తాగేవి చూసి నేర్చుకున్నారు. నాలుగు బట్టీల సరుకు కలిపింది కాకుండా ఒకే బట్టీలో దిగినదాన్ని సింగిల్ మాల్ట్ అంటారట, స్కాచిలో అదే అసలైనదట. సెలవుకొచ్చినప్పుడల్లా రెండేసి తెచ్చేవారు. మూడు పలకల ఆకుపచ్చ సీసా గ్లెన్‌ఫిడిక్. తేనెరంగుది గ్లెన్‌లివెట్. ఇంకా పేరు ఆయనకీ నోరు తిరగనివి కొన్ని. పిల్లది ఎన్నో క్లాసు చదువుతోందని ఎవరైనా అడిగితే నా మొహంకేసి చూసేవారు. సీసా వయసు అడిగితే మాత్రం కళ్ళు మూసుకుని చెప్పేవారు. ఆ పదకొండేళ్ళూ మా అత్తగారికి నీళ్ళు పోసింది, పిల్లని చదివించింది, చేలో కూలీల వెనకాల తిరిగింది నేను. షోకేసు బిగించిన గోడకి ఇరవయ్యొక్క రోజులు బిందెలతో నీళ్ళు కొట్టిందీ నేనే. గృహప్రవేశం ప్రార్థనలో ఫాస్టరుగారు, జోజి కష్టార్జితంతో కట్టిన ఇల్లని మూడుసార్లు అన్నారు. నేను ఆమెన్ అన్నాను.

గ్లాసులు కడిగేది కూడా నేనే. వచ్చినవాళ్ళు రొయ్యల వేపుడూ గుడ్లూ తిని వెళ్ళిపోయేక, గ్లాసు అడుగున మిగిలిన చుక్క వాసన తగిలేది. మొదట్లో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. తాగుడు పాపమని స్త్రీల సమాజంలో వాక్యం చదివేదాన్ని నేనే మరి. కానీ ముక్కు వాక్యం వినదు. ఒక గ్లాసులో ఎండుద్రాక్ష, ఇంకోదాంట్లో కోసి రెండు రోజులైన వరిగడ్డి, ఇంకోదాంట్లో పండిన పనసతొన. పేరు చూడకుండానే ఏ గ్లాసులో ఏ సీసాది పోసేరో తెలిసిపోయేది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోడానికి అదేం గొప్ప?

ఈ ముక్కు నాకు మా అమ్మ పెట్టింది. మాది అంతర్వేది దగ్గర లంక. మా అమ్మ ఒడ్డున చేపలు కొని ఎండబెట్టి మలికిపురం సంతలో అమ్మేది. ముసురు పట్టి ఎండ రాని రోజుల్లో, కాయ వలిచేక మిగిలిన కొబ్బరిడొక్కలు తడిపి అంటించి, ఆ పొగ మీద తడకలేసి చేపలు ఆరేసేది. డొక్క సరిగ్గా కాలుతోందా, ఉప్పు చాలిందా, ఏ తడక కుళ్ళు పట్టబోతోంది, వాసనబట్టి నేను చెప్పాలి. అయిదో క్లాసు మధ్యలో బడి మాన్పించింది ఈ ముక్కు కోసమే. ఆ ముక్కుతోనే అత్తారింటికొచ్చేను. వచ్చిన మూడోరోజున మా అత్తగారు సత్తెమ్మ, నా పెట్టె వాకిట్లో బోర్లించి చీరలన్నీ ఎండలో పడేసింది, ఎండుచేపల కంపని. మా ఆయన పక్కనే నవ్వుతూ నిలబడ్డారు. ఆ తరవాత ఇరవై ఏళ్ళూ ఎవరైనా ఇంటికొస్తున్నారంటే, ఒంటికి కాస్త సెంటు రాసుకోమని గుర్తుచెయ్యడం ఆయన మానలేదు. నేను చేప ముట్టనిరోజున కూడా.

ఎనభై నాలుగు సెలవులో ఒక సీసా తెచ్చేరు. ఆకుపచ్చ గాజు, తెల్ల చీటీ, నల్లక్షరాలు. ఆయనకి స్నేహితుడు, కొబ్బరికాయల వ్యాపారం సుబ్బరాజుగారికి పోసేరు. ఆయన ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టి, "ఆసుపత్రిలో కట్లు పిండినట్టుందండీ" అన్నారు. మా ఆయనకి తల కొట్టేసినట్టయింది. సీసా నా చేతిలో పెట్టి, డెట్టాలు కంపు, అమ్మ మోకాళ్ళకి రుద్దు అన్నారు.

మూత తీసేను. తీసి అక్కడే నేలమీద కూలబడిపోయేను. తడిడొక్కల పొగ. దాని వెనకాల ఉప్పుగాలి. ముసురులో మా అమ్మ పాక, చూరు నుంచి కారే నీళ్ళు, పొగకి ఎర్రబడ్డ అమ్మ కళ్ళు. ఎక్కడో చలిదేశంలో, మేమెవరో తెలీనివాళ్ళు, మా పాకని ఈ సీసాలో పోసి బిగించినట్టనిపించింది. ఏ వాసనకని నా చీరలు వాకిట్లో పడేసేరో, అదే వాసన విమానమెక్కొచ్చింది.

ఆరోజు ఆదివారం. గుడి నుంచొచ్చి ముసలామె పడుకున్నాక మోకాళ్ళకి ఒక మూతెడు రుద్దేను. రెండో మూతెడు నేను తాగేను. మండింది. మంట దిగేక నాలిక చివర చిన్న తీపి, తాటిబెల్లం లాంటిది, వెతుక్కుంటే గాని దొరకనిది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక్క మూతెడు. వారం మొత్తంలో నేను ఎవరికోసమూ చెయ్యని పని అదొక్కటే. నాలుగు నెలలు గడిచేక ఒక ఆదివారం మా అత్తగారు కళ్ళు మూసుకునే, "రెండో మూతెడు ఎటు పోతోందే?" అంది. సీసా కొంగు చాటున పెట్టేను. "సర్లే. నా మోకాళ్ళకంటే నీవే ఎక్కువ అరిగేయి" అని గోడవైపు తిరిగిపోయింది. ఆ ఇంట్లో నేను విన్న మంచిమాట అదొక్కటే. ఆ తరవాత ఆవిడ మోకాళ్ళకి కర్పూరంనూనె రుద్దేను. సీసా ఆవిడ మంచం కిందే ఉంచేను.

మా ఆయన పూర్తిగా వచ్చేసేక ఒక కొత్తపని మొదలెట్టేరు. స్కాచికి ఏళ్ళొచ్చేకొద్దీ రుచి పెరుగుతుందని దుబాయిలో విన్నారు. అది పీపాలో ఉన్నన్నాళ్ళేనని వినలేదు కాబోలు. అరటిగెలలు మగ్గబెట్టినట్టు, షోకేసులో ఖరీదైనవి ఆరు తీసి గాదెలో వరిగడ్డి పరిచి పడుకోబెట్టేరు. అన్నీ బెండు బిరడాలవి. అందులో ఒకటి ఇరవయ్యొక్క ఏళ్ళది. నెలకోసారి మామిడికాయల్లా అటూఇటూ తిప్పేవారు. ధాన్యం తియ్యడానికి వెళ్ళిన నాకు గడ్డిలో తడి తగిలింది. వాసన చూస్తే బెండు కుళ్ళు. ఉండబట్టలేక చెప్పేను: మందు బిరడాని తినేస్తోందండి, నిలబెట్టండి అని. ఆయన ఆ సాయంత్రమే సుబ్బరాజుగారి ముందు, "మా ఇంట్లో ఎండుచేపల డాక్టరుంది, స్కాచికి కూడా మందిస్తుందట" అన్నారు. సుబ్బరాజుగారు పొలమారేదాకా నవ్వేరు. నేను మళ్ళీ చెప్పలేదు.

ఎనభై ఆరు చలికాలంలో, మా చుట్టుపక్కల నూనె బావులు తవ్వడానికొచ్చిన ఇంజనీరు శ్రీరామచంద్రమూర్తిగారిని భోజనానికి పిలిచేరు. ఆయన తల్చుకుంటే క్యాంపులో స్టోరుకీపరు పని మా ఆయనకి వస్తుంది. ఆదివారమైతే ఫాస్టరుగారి కంట పడతామని రెండో శనివారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. తెల్లారకముందే లేచి పండుగప్ప పులుసు, పీతల ఇగురు, రొయ్యల వేపుడు చేసేను. మా ఆయన వంటింట్లోకొచ్చి, మూర్తిగారు స్కాట్లాండులో ట్రైనింగయిన మనిషనీ, నేను హాల్లోకి రాకుండా కర్టెను దగ్గరే అందించాలనీ చెప్పేరు. వెళుతూ వెనక్కి తిరిగి, సెంటు సంగతి గుర్తుచేసేరు.

రొయ్యల పళ్ళెం పట్టుకుని కర్టెను వెనకాల నిలబడ్డాను. ఇరవయ్యొక్క ఏళ్ళ సీసా తీసేరు. బిరడా సగంలో విరిగి పొడిపొడి అయింది. టీ జల్లెడ అడిగేరు. అందించేను. వడపోసి ముగ్గురికీ పోసేరు. తోడుగా పిలిచిన సుబ్బరాజుగారు అమృతమన్నారు. మూర్తిగారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, తాగకుండా బల్లమీద పెట్టేసేరు.

"ఏమీ అనుకోకండి జోజిగారూ. ఇది పాడయిపోయిందండి. పడుకోబెట్టి ఉంచేరా?"

మా ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అబ్బే, ఆడవాళ్ళండి. తుడుస్తామని తీసి ఎక్కడో పడేస్తారు. చేపలబుట్టలు మోసిన చేతులు, వాటికేం తెలుస్తుందండి."

ఆయ్, ఆయ్ అన్నారు సుబ్బరాజుగారు.

పదేళ్ళ శనివారాలు నా చేతుల్లోకొచ్చి నిలబడ్డాయి. పళ్ళెం కింద పెట్టేసేను. మూర్తిగారు మాట మార్చడానికి అన్నారో ఏమో, అక్కడ ఉన్నప్పుడు తనకి పొగవాసన వేసే సరుకంటే ఇష్టంగా ఉండేదనీ, ఇక్కడ దాన్ని ఎరిగినవాళ్ళే లేరనీ అన్నారు. మా ఆయన మొహం వెలిగింది. లోపలికి కేకేసేరు: "ఏమే, ఆ మోకాళ్ళ సీసా ఏమైనా మిగిలుంటే ఇలా తే."

మంచం కింద చెయ్యి పెట్టేను. సీసాలో నాలుగు వేళ్ళ మందాన ఉంది. ఇంకా నలభై ఆదివారాలకి సరిపోతుంది. మా అత్తగారు కళ్ళు తెరిచి చూసింది. "ఇచ్చేస్తావా?" అంది. నాకూ తెలీదు.

కర్టెను తీసుకుని హాల్లోకి వెళ్ళేను. మా ఆయన చెయ్యి చాపేరు. ఆ చేతిలో సీసా పెట్టబోయి, ఆగేను. ఆయన్ని దాటి మూర్తిగారి వైపు తిరిగేను.

"గడ్డిలో పడుకోబెట్టింది వీరేనండి. నిలబెట్టమని చెప్పింది నేను."

మూర్తిగారు నన్ను కిందనుంచి పైదాకా చూడలేదు, నా మొహంలోకి చూసేరు. "మీకెలా తెలిసిందమ్మా?" అన్నారు.

వాసనండి అన్నాను. మరి ఈ సీసాది ఏం వాసనని అడిగేరు. పరీక్షో, నిజంగానే అడిగేరో తెలీదు, చెప్పేను. తడిడొక్కల పొగ, కానీ డొక్కలు కావు, ఏదో మట్టి కాలిన పొగ. ఉప్పుగాలి. ఆఖర్న తాటిబెల్లం తీపి. ఆయన సీసా చీటీ చదివి, "లఫ్రోయిగ్" అన్నారు. రెండేళ్ళుగా నేను అక్షరాలు కూడబలుక్కుంటున్న పేరు అలా పలుకుతారని అప్పుడే తెలిసింది. అది సముద్రంలో ఒక లంకలో కాస్తారట. అక్కడి బురదనేల గడ్డలుగా కోసి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగకి ధాన్యం ఆరేస్తారట. ఆయన చెబుతుంటే నాకు మా అమ్మ తడకలు కనపడుతున్నాయి. లంకలో పుట్టిన పొగే మరి, లంకలో పుట్టినదానికి తెలీదా.

ఆ హాల్లో నాలుగో కుర్చీ ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉండేది. రోజూ తుడిచేదాన్ని గాని కూర్చున్నది లేదు. లాక్కుని కూర్చున్నాను. మూర్తిగారికి రెండు మూతలు పోసేను. నాకు ఒకటి, నా స్టీలు గ్లాసులో. మా ఆయన పళ్ళ బిగువున నవ్వు నిలబెట్టి, తన గ్లాసు నావైపు జరిపేరు.

"మీకు పడదు కదండీ" అన్నాను. "ఇది మోకాళ్ళ మందు."

మూత బిగించేను.

వాళ్ళు వెళ్ళేదాకా మా ఆయన మర్యాదగానే ఉన్నారు. గేటు చప్పుడవగానే తిరిగొచ్చి చెయ్యెత్తేరు. లోపలి గదిలోంచి మా అత్తగారి గొంతు వచ్చింది. "నిలబెట్టమంటే పడుకోబెట్టింది నువ్వేగదరా." ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఆయన జుట్టు సవరించుకున్నారు.

ఆ ఉద్యోగం రాలేదు. నా వల్లే పోయిందని పేటంతా చెప్పేరు. చెప్పనీ. స్త్రీల సమాజంలో నన్ను వాక్యం చదవొద్దన్నారు. వెనక బల్లమీద కూర్చుని వింటున్నాను. నా చెల్లెలు పుష్పలత బహ్రెయినులో నర్సు. అక్కా నీకేం తేను అని ఎప్పుడు రాసినా ఏమీ వద్దనేదాన్ని. ఈసారి పేరు అక్షరం అక్షరం విడగొట్టి రాసి పంపేను. ఇప్పుడు నావి నాలుగున్నాయి. వంటింట్లో ఆవకాయ జాడీల పక్కన పెట్టుకున్నాను, నిలువుగా. ఒకటి నీటితో బాగుంటుంది, ఒకటి నీళ్ళు పడితే చచ్చిపోతుంది. నెమ్మదిగా తెలుసుకుంటున్నాను, తొందరేం లేదు.

మొన్న శనివారం మా ఆయన షోకేసు ముందు నిలబడి, అద్దం మీద వేలితో గీత గీసి చూసుకున్నారు. వేలికి దుమ్ము బాగానే అంటింది.

"సీసాలు తుడవలేదేం?" అన్నారు.

తడిగుడ్డ పిండి ఆయన కుర్చీ చేతిమీద ఆరేసేను.

"తుడిచేసేనండి. నావి."