రెండు వందల నలభై గంటలు

నా తోడల్లుడి కూతురు ఆరు వారాలు నా ఎదుటి బల్ల దగ్గర కూర్చుని పని చేసింది. ఆరు వారాలూ ఆ పిల్లను చూసి నా కడుపు మండుతూనే ఉంది.

నేను ఆడిటరు గారి దగ్గర హెడ్ క్లర్కుని. మా ఊళ్ళో బడి పదో తరగతి వరకే ఉండేది. నా చదువూ అక్కడే ఆగింది. ఇక్కడ ఫైళ్ళు కుట్టే పనిలో చేరి, పక్కవాడి భుజం మీదుగా చూస్తూ లెక్కలు నేర్చుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఈ ఆఫీసు నుంచి బయటికి వెళ్ళే ప్రతి లెక్కా నా చేతి మీదుగానే వెళుతుంది. కింద సంతకం మాత్రం నాది కాదు.

ఆ పిల్ల చదివేది అకౌంటింగు. మామూలుగా డిగ్రీ మూడేళ్ళు, ఆ పైన పీజీ రెండేళ్ళు. వాళ్ళ కాలేజీలో రెండూ కలిపి నాలుగేళ్ళలో ముగించే కోర్సు పెట్టారు. డిగ్రీ చివరి ఏడాదిలోనే నాలుగు పీజీ పేపర్లు రాస్తారట. ఆ నాలుగూ డిగ్రీలోనూ లెక్కకొస్తాయి, పీజీలోనూ లెక్కకొస్తాయి.

"ఒక్క వోచరు రెండు చోట్ల ఎక్కిస్తే మా ఆఫీసులో ఉద్యోగం ఊడుతుంది," అన్నాను మొదటి రోజు.

"మా కాలేజీలో సీటొస్తుంది పెదనాన్నా," అంది.

టైపిస్టు పగలబడి నవ్వింది. ఆ రోజే పిల్లకు ఎక్స్‌ప్రెస్సు అని పేరు పెట్టింది. నాకు పెట్టిన గూడ్సుబండి అన్న పేరు ఎప్పటినుంచో ఉంది.

ఆ కోర్సులోకి మారడానికి మార్కులొక్కటే చాలవు. ఆడిటరు ఆఫీసులో రెండు వందల నలభై గంటలు పని చేసినట్టు కాగితం చూపించాలి. ఒక్క గంట తగ్గినా మామూలు దారే. పని నేర్పినవాళ్ళే ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. అంటే నేను. ముప్పై ఒక్క ఏళ్ళకు నా సంతకం అవసరమైన కాగితం ఒకటి వచ్చింది. అదీ తోడల్లుడి కూతురి కోసం.

తోడల్లుడికి టైర్ల కొట్టు ఉంది. తన బిల్లు తాను కూడుకోలేడు. "అన్నయ్యా, నీకు ముప్పై ఏళ్ళు పట్టింది, మా అమ్మాయి నాలుగేళ్ళలో కొట్టేస్తుంది చూడు," అన్నాడు ఒకరోజు వాళ్ళింట్లో, పెళ్ళాం వడ్డిస్తుంటే తింటూ. మాకు పిల్లలు లేరు. అప్పటికే నా భార్య ఆసుపత్రిలో ఉంది.

పిల్ల పనిమంతురాలు. తప్పులు చేసి ఉంటే నాకు హాయిగా ఉండేది. రెండో వారంలో, నేను రెండు రోజులుగా వెతుకుతున్న తేడాను నిలబడే చూపించింది.

"ఇక్కడ అంకెలు తారుమారయ్యాయి పెదనాన్నా. తేడాని తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా పోతోంది కదా."

ఆ కిటుకు నేను ఇరవై మందికి నేర్పాను. ఆ వేళ నాకు తట్టలేదు.

మూడో వారం గురువారం నా భార్య ఫోను చేసింది. రిటర్నుల గడువు నెత్తి మీద ఉంది, కదల్లేనన్నాను.

"మీరు రాకపోతే పోనీండి. పిల్లని పంపండి," అంది.

పంపాను. ఆ రోజు ఒంటిగంటకు వెళ్ళింది. మర్నాడూ ఒంటిగంటకే వెళ్ళింది. ఆ రెండో రోజే, శుక్రవారం నాలుగున్నరకు, నా భార్య పోయింది. నేను చేరేసరికి ఐదు దాటింది. నేను కూర్చోవలసిన కుర్చీలో పిల్ల కూర్చుని ఉంది. శనివారం అంత్యక్రియలు. సోమవారం ఇద్దరం ఎవరి బల్ల దగ్గర వాళ్ళం ఉన్నాం. ఆ రెండు మధ్యాహ్నాల సంగతి తను చెప్పలేదు, నేను అడగలేదు.

ఆఖరి శుక్రవారం నాలుగింటికి కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, అంతా తన చేతిరాతే. రెండు రోజులకు ఎదురుగా ఒంటిగంట అని ఉంది. కారణం రాసే గడి ఖాళీగా వదిలేసింది. కూడి చూశాను. రెండు వందల ముప్పై రెండు.

టైపిస్టు మెడ చాచి చూసింది. "రాసేద్దురూ! ఆ ఎనిమిది గంటలూ ఎక్కడికి వెళ్ళిందో మీకు తెలీదా? సినిమాకెళ్ళిందా ఏమన్నా?"

"తెలుసు. ఆఫీసులో లేదు."

"మీది గుండె కాదండీ బాబూ, ఇనప్పెట్టె."

పెన్సిలుతో రెండు వందల ముప్పై రెండు అని వేశాను. పిల్ల బతిమాలుతుందని చూశాను. పెద్దమ్మ పేరెత్తుతుందని చూశాను. ఎత్తితే తిట్టడానికి మాట కూడా సిద్ధంగా ఉంచుకున్నాను.

"సరిగ్గానే వేశారు," అంది. "సోమవారం దాకా గడువుంది. రేపు సెలవు కదా, ఆఫీసు తాళంచెవి మీ దగ్గరే ఉంటుందా పెదనాన్నా?"

లేదంటే సరిపోయేది. తోడల్లుడి మొహం వాడిపోవడం కళ్ళారా చూసేవాణ్ణి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పిల్లను అడగవలసింది ఒకటి నాకు మిగిలి ఉంది. అడగడానికి ఇంకో రోజు దొరకదు.

"తొమ్మిదింటికి," అన్నాను. "ఒక్క నిమిషం దాటినా వేయను."

తొమ్మిదికి పది నిమిషాల ముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. లోపల మేమిద్దరమే. పాత వోచర్ల కట్టలు మూడు ముందు పడేశాను. తలెత్తకుండా చేసింది. మధ్యాహ్నం తను తెచ్చుకున్నది సగం నా వైపు జరిపింది. నేను వెనక్కి జరిపాను.

పావు తక్కువ ఐదుకి అడిగాను. "మీ పెద్దమ్మ ఏం మాట్లాడింది?"

చేతిలో కట్ట కింద పెట్టింది. "కోర్సు గురించి అడిగింది. నాలుగేళ్ళకి రెండు డిగ్రీలా అంది. అవునన్నాను. 'మీ పెదనాన్న దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు చదివానే, ఒక్కటీ ఇవ్వలేదు ఆ మనిషి' అంది. ఇంక ఒకటే నవ్వు. నర్సొచ్చి ఇద్దర్నీ కేకలేసింది."

"నవ్విందా?"

"చాలాసేపు."

"రెండో రోజు?"

"గడియారం చూసింది. 'ఆయన ఐదైతేగానీ లేవరు' అంది. 'పోనీలే, నువ్వున్నావుగా' అంది."

నా దగ్గర ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయాను. ఏ ఏడాది నుంచి వెతకాలో తెలియలేదు.

ఐదయ్యింది. రబ్బరుతో పాత అంకె చెరిపి, పెన్నుతో రెండు వందల నలభై అని రాసి, సంతకం పెట్టాను. పిల్ల సిరా ఆరేదాకా ఊది కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంది.

"రేపు నాన్న భోజనానికి రమ్మన్నాడు పెదనాన్నా."

"రాను," అన్నాను.

సీటొచ్చింది. టైరు మార్పించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ తోడల్లుడు ఆ సంగతి చెబుతున్నాడట. చెప్పుకోనీ. ఆ డిగ్రీలు రెండూ ఆ పిల్లే ఉంచుకోనీ. నా భార్య చివరి రెండు మధ్యాహ్నాలు కూడా ఆ పిల్ల దగ్గరే ఉన్నాయి. అది మాత్రం నేను ఓర్వలేను.