గంగ ఒప్పని ఊరు మా ఇంటికొచ్చిన రోజు

'గంగ ఒప్పని ఊరు' సినిమాలో నేనూ ఉన్నాను. నమ్మకపోతే గుడియాత్తం బజారులో ఎవరినైనా అడగండి. ఇన్నేళ్ళుగా నా నోట విని విని వాళ్ళకే నా డైలాగు కంఠతా వచ్చేసింది. తెల్లదొర పక్కన నిలబడే దుబాసీ వేషం నాది. నెత్తిన తలపాగా, మూతి మీద మేక వెంట్రుకల మీసం. ఆ మీసం ఎంత పెద్దదంటే, ఒక కొస పొన్నై వైపు, ఇంకో కొస పళ్ళికొండ వైపు చూస్తుండేది. గాలి తోలితే ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకోవాల్సి వచ్చేది. దొర వేషం కట్టిన బెంగుళూరాయన నన్ను నిజం దుబాసీ అనుకుని ఇంగ్లీషులో కాఫీ తెమ్మన్నాడు. నేను ఉప్మా తెచ్చి ఇచ్చాను. ఆయన తినేశాడు కూడా.

సినిమా కథ మాత్రం నవ్వులాట కాదు. దొరల కాలంలో పాలారు ఒడ్డున ఒక ఊరికి వాంతిభేది తగులుతుంది. ఇంటికొక శవం లేస్తుంది. నాటుమందులిచ్చే ఒక ముండమోపి వల్లనే గంగమ్మకు కోపం వచ్చిందని ఎవరో ఒకరు అంటారు. అంతే, ఊళ్ళో ఆడవాళ్ళకు పూనకాలు మొదలవుతాయి. ఒకరిని చూసి ఒకరు ఊగుతారు, అందరి నోటా ఆమె పేరే వస్తుంది. ఆఖరికి వేపమండలతో కొడుతూ, పసుపునీళ్ళ కుండలు విసురుతూ ఆమెను ఏటి ఇసుకలోకి తరిమేస్తారు. ఎప్పుడో నిజంగా జరిగిందనే డైరెక్టరు చెప్పాడు. ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పలేదు.

గుంపులో నిలబడటానికి మా ఊరి ఆడవాళ్ళనే పిలిచారు. నా చెల్లెళ్ళిద్దరూ వచ్చారు. పెద్దది వరదమ్మ, దానికింకా పెళ్ళి కుదరలేదు. చిన్నది రాజాంబాళ్. రాజాంబాళ్‌కు అప్పుడు చంకలో బిడ్డ, పూర్ణచంద్ర. మందులిచ్చే ఆమె వేషానికి డైరెక్టరు ముందు వరదనే ఎంచుకున్నాడు. కావి కోక కట్టించి, అందరి ముందూ అటు ఇటు నడిపించి చూశాడు. తర్వాత బిడ్డకు పాలిస్తున్న రాజాంబాళ్ మీద ఆయన కన్ను పడింది. ఈ మొహంలో జాలి ఉంది, ఆ మొహంలో లేదు అన్నాడు. అక్కడికక్కడే వరద ఒంటి మీది కావి కోక విప్పించి చెల్లెలికి ఇచ్చారు. వరదను తెచ్చి గుంపులో ముందు వరసలో నిలబెట్టారు.

ఆ డైరెక్టరుకు ఒక పద్ధతి ఉండేది. నటించమనడు, జరగనిమ్మంటాడు. మా పంబ వాయించేవాళ్ళను పిలిచి, ఉత్తుత్తి దరువు వద్దు, జాతరలో అమ్మను పిలిచే దరువే కొట్టమన్నాడు. వాళ్ళు కొట్టారు. ఆ దరువు పడితే మా ఆడవాళ్ళు సినిమా అని ఆగుతారా? జుట్లు విరబోసుకుని ఊగారు. కుండలు ఇసుకలో పడాలని ముందే చెప్పారు. అన్నీ ఇసుకలోనే పడ్డాయి. వరద చేతిలోది ఒక్కటే రాజాంబాళ్ కణతకు తగిలింది.

రాజాంబాళ్ పడి లేచింది. నవ్వుతూ తల తుడుచుకుంది. సాయంత్రం అందరితో కూర్చుని అన్నం తిన్నది. కొన్నాళ్ళకు తలనొప్పి అన్నది, వాంతులన్నది. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయేసరికి పలుకు లేదు. తలలోపల రక్తం గడ్డకట్టిందన్నారు. అక్కడే పోయింది.

ఊరంతా ఒకే మాట అన్నది. కొట్టింది వరద కాదు, వరద మీదికి వచ్చిన అమ్మ. శాపం తగిలిన దాని వేషం వేస్తే అమ్మ ఊరుకుంటుందా అన్నారు. వరద నాకేమీ తెలియలేదంది. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. పైగా ఆనాటి నుంచి వరద అమ్మ వచ్చే మనిషి అయిపోయింది. గుడియాత్తం జాతరలో అమ్మవారి సిరసు, అంటే తల, ఊరేగే రోజున ఆమె ఊగితే జనం కాళ్ళ మీద పడి వాక్కు అడిగేవాళ్ళు. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తనివ్వలేదు. రాజాంబాళ్ మొగుడు బెంగుళూరు పోయి ఇంకొకతెను కట్టుకున్నాడు. పూర్ణను వరదే పెంచింది. వాడు ఆమెనే అమ్మా అంటాడు.

సినిమా విడుదలైతే పెద్ద గొడవైంది. దేవతను తిట్టారని కొందరు, ఒక మనిషిని పొట్టన పెట్టుకున్న సినిమా అని కొందరు. చిత్తూరులో తెర చించారు. కోర్టుకు పోయారు. ఏటి ఇసుకలో తరిమే ఘట్టమంతా కోసి పారేయించారు. తోక తెగిన సినిమా నాలుగు రోజులాడి డబ్బాలోకి పోయింది. మందులిచ్చే ఆమె తెర మీదికి వచ్చేదే ఆ ఘట్టంలో కాబట్టి, రాజాంబాళ్ ఉన్నదంతా ఆ కోసేసిన ముక్కలోనే.

పూర్ణ దగ్గర తల్లి ఫోటో ఒక్కటి కూడా లేదు. అప్పట్లో మా ఇళ్ళల్లో ఫోటో అంటే పెళ్ళికే, వాళ్ళ పెళ్ళిలో ఆ ఖర్చూ మానుకున్నారు. ఇప్పుడు డైరెక్టరు కూతురు ఆ ముక్కను ఎక్కడో పట్టి, అతికించి, సినిమా మొత్తంగా ఇంట్లో టీవీలోనే చూసుకునేటట్టు వదిలింది. కొత్త గొడవలు కూడా మొదలయ్యాయి, చూడొద్దని ఫోన్లలో ఒకటే సందేశాలు. పూర్ణ వాటిని పట్టించుకోలేదు. వేలూరులో ఆసుపత్రి ఎదురు వీధి లాడ్జిలో వాడు మేనేజరు. ఆదివారం సెలవు పెట్టి, నన్నూ వరదనూ రమ్మని కబురు చేశాడు. అంతవరకు తాను తెరిచి చూడలేదు.

బస్సులో వరద నా పక్కనే కూర్చుంది. కే.వి.కుప్పం వైపు పోదామంటే వినలేదు, పళ్ళికొండ మీదుగానే పోదామంది, తొందరగా చేరుతుందని. నేనే ఊరుకోలేక, తెర మీద నా మీసం చూసి బస్సులు ఆగిపోతాయని ఏదో అన్నాను. ఆమె నవ్వలేదు.

"అన్నా, ఆ పొద్దు నాకేమీ తెలీలేదంటారు గదా అందరూ," అంది.

"నువ్వే గదమ్మా అట్ల చెప్పింది."

"నేను చెప్పినానా, వాళ్ళు చెప్తే తలూపినానా, అది గూడా ఇప్పుడు తెలీడం లే. చూడాల. అమ్మ నా మీద ఉండిందా లేదా, నా మొగం చూస్తే నాకు తెలిసిపోతాది."

"తెలిసి ఏం జేస్తావు?"

"ఉండిందంటే నిమ్మళంగా పోతాను."

లేకపోతే ఏం చేస్తావని నేను అడగలేదు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

వేలూరు సత్తువాచారిలో పూర్ణ ఇల్లు. వాడి పెళ్ళాం సురేఖ మాకు కాళ్ళకు నీళ్ళిచ్చి, టీవీ ముందు కర్పూరం వెలిగించింది. సినిమాకు హారతేమిటే అంటే, అమ్మవారి సినిమా గదా మామా, తప్పుంటే మన్నించుకుంటాది అన్నది. పిల్లలను పక్కింటికి పంపించారు. పూర్ణ కొత్త చొక్కా వేసుకున్నాడు. తల్లి దగ్గరికి పోతున్నట్టే ఉన్నాడు వాడు.

ముందుగా పేర్లు పడ్డాయి. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు వాడికి, తమిళ బడుల్లో చదివిన మా పిల్లలెవరికీ రాదు. మా కాలంలో ఊరి బడిలో నేర్పిన తెలుగు అక్షరాలతో నేనే చదివాను. 'రాజాంబాళ్, గుడియాత్తం' అని వచ్చినప్పుడు వాడు ఆపి, ఏది మామా, ఏ ముక్క అని అడిగాడు. చూపించాను. లేచి వెళ్ళి ఆ అక్షరాల మీద వేలు పెట్టి వచ్చాడు.

నా వేషం వచ్చింది, పోయింది. మీసం కొస ఒకటి, తలపాగా సగం. ఇంతకాలం చెప్పిన డైలాగు దొర నోట్లోకి పోయింది. సురేఖ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కెమెరాకు నా మీసం పట్టలేదు, అదీ సంగతి అన్నాను. అప్పటికి ఇంట్లో అందరం సంతోషంగానే ఉన్నాం.

అతికిన ముక్కకు శబ్దం దొరకలేదట. ఉన్నట్టుండి టీవీ మూగబోయింది. పంబలు కొడుతున్నారు, వినపడదు. ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి అరుస్తున్నారు, వినపడదు. ఇసుక మీద కావి కోకలో రాజాంబాళ్ పరుగెత్తుకుంటూ వచ్చింది.

పూర్ణ కుర్చీలోంచి జారి నేల మీద, టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాడు.

"నా కంటే చిన్నది మామా," అన్నాడు. "నాకు చెల్లెలి మాదిరి ఉండాది."

ఆమె ఒకసారి ఆగి వెనక్కి తిరిగింది. మొహంలో భయం లేదు. ఏదో వెతుక్కుంటున్నట్టు పక్కకు చూసింది. అప్పుడు కెమెరా పక్కన నిలబడింది నేను, నా భుజం మీద ఏడుస్తున్నది వీడు.

"నిన్నేరా చూస్తా ఉండేది," అన్నాను. "ఆకలికి ఏడుస్తా ఉంటివి."

ఇది నేను అల్లిన మాట కాదు. వాడు తల ఊపాడు. ఏడుపు ఆపుకోవడానికి ప్రయత్నించలేదు.

ఇంతలో ముందు వరసలోంచి వరద వచ్చింది. జుట్టు విరబోసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని ఊగుతూ వచ్చింది. సురేఖ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. అమ్మ దిగినప్పుడు అత్త మొహం ఎట్లా వెలిగిపోతున్నదో చూడండి అన్నది. కుండ లేచింది. రాజాంబాళ్ పడింది. పూర్ణ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆమె లేచి, తల తుడుచుకుంటూ, మా వైపు చూసి నవ్వుతోంది.

వరద మళ్ళీ పెట్టమంది. పెట్టాడు. వాడికి ఎన్నిసార్లైనా చాలదు. తల్లి వచ్చినంతసేపూ ఆమె మొహాన్ని తప్ప వాడు వేరే దేన్నీ చూడటం లేదు.

రెండోసారి నేను నా చెల్లెలు రాజాంబాళ్‌ను వదిలి తెర మీది వరదను చూశాను. నా పక్కన కూర్చున్న వరద ఊపిరి మారింది కాబట్టి చూశాను.

మా వైపు ఏ ఆడమనిషికి పూనకం వచ్చినా, వెనకనే ఇంకొక ఆడమనిషి నిలబడుతుంది. ఆమెకు వేరే పనేమీ ఉండదు. జారిన కొంగు తెచ్చి నడుముకు కట్టడమే పని. అమ్మ మీద ఉన్నవాళ్ళకు కొంగు ఎక్కడుందో తెలియదు, ఒంటి మీద కోక ఉందో లేదో తెలియదు. అందుకని పక్కవాళ్ళు చూసుకుంటారు. మాకది ఎవరూ నేర్పనక్కరలేదు, చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగేదే.

తెర మీద వరద ఊగుతూ ఊగుతూ ఆగింది. భుజం మీంచి జారిన కొంగును ఎడమచేత్తో అందుకుని, చక్కగా మడిచి, నడుముకు దోపుకుంది. గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసుకుంది. అప్పుడు కుండ ఎత్తింది.

ఏదైనా ఒకటి అల్లి చెబుదామా అనిపించింది. డైరెక్టరు ముందే అట్లా దోపుకోమని చెప్పాడు, నేను విన్నాను అంటే సరిపోతుంది. నా నోటికి అదేం పెద్ద పని కాదు. ఆమె వైపు తిరిగాను. ఆమె ముందే తెలిసినట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు అన్నా."

సురేఖ కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. పూర్ణ ఇంకా నేల మీదే ఉన్నాడు. మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగి నవ్వాడు. చిన్నప్పుడు బడి నుంచి ఇంటికొచ్చి నవ్వేవాడు చూడండి, ఆ నవ్వు.

"అమ్మా, నువ్వు గూడా ఎంత చిన్నగా ఉండావు."

"నాయనా," అంది వరద. "ఆ పొద్దు నా మీద అమ్మ రాలేదు."

వాడికి అర్థం కాలేదు. గొడవలు చేసేవాళ్ళ మాటలు పట్టించుకోవద్దన్నాడు. అమ్మవారి పని మనమేం చేస్తాం, నేను ఎప్పుడైనా నిన్ను ఒక మాట అన్నానా అన్నాడు.

"అనలే. అందుకే చెప్తా ఉండా." ఆమె గొంతు వణకలేదు. "ఆ కావి కోక నా ఒంటి మీద నుంచి ఊడబీకి దానికి కట్టినారు. నా మొగంలో జాలి లేదన్నారు, ఊరంతా వినింది. దాని నెత్తిన కొట్టాలని కొట్టలే నాయనా. దాని మీద వెయ్యాలని మాత్రం వేసినాను. నాకు తెలిసే వేసినాను. ఇన్నాళ్ళూ తెలీదు తెలీదు అనుకొని బతికినాను. నా కొంగు చూడు."

వాడు నా వైపు చూశాడు. మామా, ఈమె ఏం మాట్లాడుతోంది అన్నట్టు చూశాడు. పెద్దదైపోయింది, మతి తప్పుతోంది అని నేను ఒక్క మాట అంటే వాడు నమ్మేవాడు. నమ్మాలని వాడి కళ్ళు బతిమాలుకుంటున్నాయి. నేను తల వంచుకున్నాను.

లోపల సురేఖ గ్లాసులు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది. పూర్ణ రిమోటు తీసుకున్నాడు. ఆ ఘట్టాన్ని మళ్ళీ మొదటికి తెచ్చాడు. వరద లేచి పోలేదు. మొహం తిప్పుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాడి వెనకే కూర్చుంది.

తెర మీద ఇసుక. మూగగా పంబలు. కావి కోకలో రాజాంబాళ్ పరుగెత్తుకుంటూ వచ్చి, ఆగి, పక్కకు తిరిగి బిడ్డ కోసం చూసింది. ఈసారి వాడు తల్లిని చూడటం లేదు. ముందు వరసలో ఊగుతున్న వరదను చూస్తున్నాడు.