విశ్వాసమ్మ కొట్టంలో ప్రభుబల్ల

ఎర్రగుంట్ల నుంచి బండిదారిన పోతే వచ్చే చిలంపల్లెలో మిషను దొర కట్టించిన రాతిగుడి ఉంది. దాని గోడలు గట్టివి. లోపల కూర్చునేవాళ్ల పంతాలు అంతకంటే గట్టివి. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు దొర సీమకు ఓడెక్కుతూ ఆ సంఘానికి సువార్తనూ, తాను కూర్చునే పేము కుర్చీనీ వదిలిపోయాడు. సువార్త కోసం ఎవరూ కొట్లాడుకోలేదు.

కుర్చీని దేవేంద్రప్ప దక్కించుకున్నాడు. ఆ ఊళ్లో మొదట బాప్తిస్మం తీసుకున్నవాడి కొడుకు ఆయన. ఇంకో సంఘపెద్ద ఈరన్న తండ్రి కూడా అదే రోజు అదే వాగులో మునిగాడు. ఎవరు ముందు మునిగారన్నది తేలక ఆ రెండిళ్లకూ మాటల్లేవు. గుడిలో ఒకరి మనుషులు కుడివైపు, ఇంకొకరి మనుషులు ఎడమవైపు కూర్చునేవాళ్లు. కుడివైపు కీర్తన ఎత్తుకుంటే ఎడమవైపు వాళ్లకు గొంతు నొప్పి వచ్చేది. రొట్టే ద్రాక్షరసమూ అందరూ పంచుకునే ప్రభుబల్ల జరిగి ఏళ్లయింది. ఉన్న గిన్నె ఒక్కటే. ఒకరు తాగినాకనే ఇంకొకరు తాగాలి, ఆ రెండోవాడు కావడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

పాస్టరు పేరు ఆనందం. పేరుకు తగిన లక్షణం ఆయనలో ఎవరికీ కనబడలేదు. దొర వదిలిపోయిన పాత ప్రసంగాల కట్టే ఆయన ఆస్తి. ‘మంచు కురిసే ఈ ఉదయాన’ అని దొర రాసుకున్న వాక్యాన్ని నడివేసవిలో కూడా అక్షరం మార్చకుండా చదివేవాడు. మంచు దగ్గరికొచ్చేసరికి జనం నిద్రపోయేవాళ్లు. చల్లగా ఉండేదేమో.

పందొమ్మిదివందల యాభైనాలుగు ఎండాకాలంలో తమ సంఘం చల్లారిపోయిందని పెద్దలకు హఠాత్తుగా తెలిసింది. పక్క ఊళ్లో షామియానా వేసి, భక్తి మళ్లీ రగిలించే ఉజ్జీవ కూటాలు పెట్టారని విన్నాక తెలిసింది.

“వాళ్లకు ఉజ్జీవం వచ్చి మనకు రాకుంటే ఏం మర్యాదప్పా?” అన్నాడు దేవేంద్రప్ప.

ఈరన్న అడ్డు చెప్పలేదు. ఆయన అల్లుడికి బాడుగ పెట్రోమాక్సు లైట్ల వ్యాపారం ఉంది.

సర్కారు జిల్లాల నుంచి పేరున్న ప్రసంగీకుణ్ణి పిలిపించారు. పగటి భోజనం దేవేంద్రప్ప ఇంట్లో, రాత్రి భోజనం ఈరన్న ఇంట్లో. ఇద్దరూ పోటీపడి కోళ్లు కోయించడంతో ఉపవాసం మీద చెప్పవలసిన ప్రసంగాన్ని ఆయన ఆయాసపడుతూ చెప్పాడు. అయినా గొంతు పెద్దది. గుడి కిటికీలన్నీ తెరిచి, లోపల పట్టనివాళ్లకు ముందర షామియానా వేయడంతో ఊరంతా విన్నది. జనం ఏడవవలసిన చోట ఏడ్చారు. పాపాలు ఒప్పుకొమ్మని ఆయన అడిగితే దేవేంద్రప్ప మోకాళ్లూని, “ప్రభువా, పొలం గట్టు జరిపిన మా ఈరన్నను క్షమించు” అన్నాడు. వెంటనే ఎడమవైపు నుంచి ఈరన్న, “తండ్రీ, కుర్చీ దొరికి కొవ్వెక్కిన మా దేవేంద్రప్పను నువ్వే కరుణించు” అన్నాడు. ఊరి సంగతులు తెలియని ప్రసంగీకుడికి అది అన్నదమ్ముల ప్రేమగా కనిపించింది. సంఘం నిలువునా రగిలిందని చాటాడు.

ఆ మాట నిజమే. మరునాడు షామియానా ఎవరి మనుషులు విప్పాలన్న దగ్గర రెండువైపులా రగిలింది.

ఆనందం ఆ గొడవ చూడలేక ప్రసంగీకుణ్ణి బండిలో ఎర్రగుంట్ల స్టేషనుకు తీసుకుపోయాడు. రైలు కదలబోతుండగా కిటికీ దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అడిగాడు.

“అయ్యా, చేతిలో కాగితం లేకుంటే నాకు ప్రార్థన రాదు. లోపలంతా ఎండిపోయినట్టుండాది. ఏం చేయమంటారు?”

“బాగా ప్రార్థించండి” అన్నాడు ప్రసంగీకుడు. రైలు వెళ్లిపోయింది.

ఊరికి తిరిగొచ్చి గుడి వెనక సందులో నడుస్తుంటే, రొట్టెలు కాల్చి అమ్ముకునే దౌలత్ బీ గంజిముంత పట్టుకుని ఎదురొచ్చింది.

“అయ్యవారూ, మీ కూటాలు అయిపోయినాయా?”

“అయిపోయినాయమ్మా.”

“అట్లయితే ఇంక విశ్వాసమ్మ నిద్రపోతాది. కూటాలు మొదులైనప్పట్నుంచీ జ్వరంతో పడుండాది. మీ అరుపులకు కన్ను మూస్తే ఒట్టు. మీవాళ్లు ఎవరన్నా వస్తారేమోనని తలుపు తీసే పెట్టినా.”

విశ్వాసమ్మ ముసలి విధవరాలు. దొరసాని ఉన్న రోజుల్లో ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యమూ అక్షరాలూ నేర్పింది. ఇప్పుడు గుడి ఊడుస్తుంది. ఆమె కొట్టం గుడిగోడను ఆనుకునే ఉంది. కూటాలకు ఆమె రాలేదన్న సంగతి పాస్టరుకు ఇప్పుడు తట్టింది. గుడి ఊడ్చలేదని మాత్రం ఇద్దరు పెద్దలూ అప్పటికే కోప్పడ్డారు.

ఆనందం వంగి లోపలికి పోయాడు. మంచం మీద ఆమె చిక్కి సగమై ఉంది.

“ప్రార్థన చెయ్యి నాయనా” అంది.

ఆయన నోరు తెరిచాడు. మంచు కురిసే ఉదయం తప్ప ఇంకేమీ రాలేదు. సిగ్గుతో తల వంచుకున్నాడు.

“రాలేదవ్వా. నాకు ప్రార్థన రాక శానా కాలమైంది.”

ఆమె మంచం పక్కన చోటు చూపించింది. “అయితే కూచో. ఈ తడిగుడ్డ మార్చు. నోరు రాకుంటే పోనీ, చేతులుండాయి కదా.”

ఆయన గుడ్డ తడిపి నుదుటి మీద వేశాడు. మరునాడూ వచ్చాడు, ఆ మరునాడూ వచ్చాడు. నీళ్లు మోశాడు, దౌలత్ బీ తిడుతూ చెప్పిన విధంగా గంజి కాచడం నేర్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం జ్వరం ఎక్కువై ఆమె పలవరిస్తుంటే, పొయ్యి ఊదుతూ, “ప్రభువా, ఈమెను ఉండనీ” అన్నాడు. తన గొంతు విని తానే ఉలిక్కిపడ్డాడు. ఆ మాట ఏ కాగితంలోనూ లేదు. పొగ వల్లనే అనుకుంటూ చాలాసేపు కళ్లు తుడుచుకున్నాడు.

ఆదివారం వట్టి చేతులతో నిలబడ్డాడు.

“మనం ఈడ ఉజ్జీవం కోసం అరుస్తాంటే ఆ గోడకు అవతల విశ్వాసమ్మ జ్వరంతో పడుండాది. మనలో ఒక్కరూ పోలేదు. నేనూ పోలేదు. పోయింది దౌలత్ బీ. ఈ పొద్దు నా దగ్గర ప్రసంగం లేదు. ప్రభుబల్ల ఆమె కొట్టంలో పెడతాండా. వచ్చేవాళ్లు రాండి.”

“గుడి వదిలిపెట్టి కొట్టంలోనా? యాడుండాది ఆ నియమం?” అన్నాడు దేవేంద్రప్ప కుర్చీలోంచి.

“యాడా లేదప్పా” అని పాస్టరు నడిచాడు.

దేవేంద్రప్ప వద్దన్నాడు కాబట్టి ఈరన్న వెంటనే లేచాడు. ఆయన మనస్సాక్షికి అంతకుమించి కారణం అక్కర్లేదు. ఆయనతో ఎడమవైపంతా లేచింది. కుడివైపు ఆడవాళ్లు కూడా మొగుళ్ల వైపు చూడకుండా లేచారు. వాళ్లకు అక్షరాలు నేర్పింది విశ్వాసమ్మే.

ఖాళీ గుడిలో దేవేంద్రప్ప కాసేపు దర్జాగా కూర్చున్నాడు. చూసేవాళ్లు లేని దర్జా ఎక్కువసేపు నిలవలేదు. అవతల తన గురించి ఏం చెప్పుకుంటున్నారోనన్న దిగులు పట్టుకుంది. లేచి వెళ్లాడు.

కొట్టం వాకిలి పొట్టిది, ఎవరైనా వంగవలసిందే. లోపల మంచం కాళ్ల దగ్గర, ఈరన్న పక్కన మాత్రమే చోటుంది. గుడి గిన్నె వాడక లేక కిలుం పట్టి ఉండడంతో పాస్టరు దౌలత్ బీ ఇంటి నుంచి గ్లాసు అడిగి తెచ్చాడు. ఎండుద్రాక్ష నానబెట్టిన రసం అందులో పోసి మొదట విశ్వాసమ్మకు ఇచ్చాడు. తర్వాత గ్లాసు చేతులు మారుతూ ఈరన్న దాకా వచ్చింది. ఆయన తాగి, పక్కకు ఇవ్వకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

“గట్టు నేనే జరిపినా” అన్నాడు చివరకు, గ్లాసుతో చెబుతున్నట్టు.

“తెలుసు” అన్నాడు దేవేంద్రప్ప. “నీ గొర్రెలు నీళ్లకు పోకుండా దారికి ముళ్లకంప కొట్టించింది నేను” అన్నాడు.

“అది నాకూ తెలుసు.”

దేవేంద్రప్ప చెయ్యి చాచాడు. ఈరన్న ఇచ్చాడు. ఆయన తాగాడు.

“తొందరగా కానీండప్పా” అంది విశ్వాసమ్మ కింద నుంచి. “ఇద్దరూ నా మీద పడేట్టుండారు.”

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆఖరికి ఆ ఇద్దరూ నవ్వారు, అలవాటు లేక కొంచెం కష్టంగా.

విశ్వాసమ్మ కోలుకుంది. ఇంటింటి నుంచీ వచ్చే గంజి తాగలేక దౌలత్ బీ ఇంట్లో దాక్కునేది. సంఘమంతా పరిశుద్ధులైపోలేదు. కొట్టాలు తిరిగే పాస్టరు దగ్గర మర్యాద లేదని కొన్ని కుటుంబాలు పక్క ఊరి గుడికి పోయాయి. గట్టు మళ్లీ సరిచేసేటప్పుడు కొలత తాడు పట్టుకున్న ఇద్దరూ మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. ఆనందం ప్రసంగాలు చిన్నవయ్యాయి. కొన్నిసార్లు మధ్యలో మాట దొరక్క ఆగిపోయేవాడు. ఏమంటాడోనని జనం మేలుకునే ఉండేవాళ్లు. ఆరాధన అయ్యాక ఆ వారం మంచం పట్టినవాళ్ల ఇంటికి అందరూ కలిసి పోయేవాళ్లు. ఆ ఇంట్లోవాళ్లు గుడికి వచ్చేవాళ్లా కాదా అని అడగడం మానేశారు.

వానలకు ముందు దౌలత్ బీ కొట్టం కప్పుకు బోదగడ్డి మార్చాల్సి వచ్చింది. దేవేంద్రప్ప, ఈరన్న ఇద్దరూ పైకెక్కారు. గడ్డి ఏ వైపు నుంచి పరచాలన్న దగ్గర పొద్దున మొదలైన వాదం పొద్దు వాలినా తెగలేదు.

“నోర్లు కట్టుకుని కప్పండప్పా, మబ్బు పడతాండాది” అని దౌలత్ బీ కింద నుంచి గట్టిగా చెప్పింది.

ఇద్దరూ గొంతు తగ్గించి, వాదించుకుంటూనే చెరో మోపు అందుకున్నారు.