రెండూ ఉండనీ

జైనాబీ ఎడమ చేత్తో మిరపకాయ అందుకుని, కుడి బొటనవేలి గోటితో తొడిమ విరిచి, కాయను బుట్టలోకి జారవిడుస్తోంది. గుంటూరు శివారులో కోల్డ్ స్టోరేజీ పక్కనున్న రేకుల షెడ్డు అది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఘాటు ఆగదు. ఏళ్ల తరబడి కారం పట్టిన వేళ్లు పగుళ్లుబారి, అన్నం కలుపుకుంటే మండుతాయి. అందుకే ఆమె చెంచాతో తినడం అలవాటు చేసుకుంది.

ఎదురుగా కూర్చున్న లక్ష్మీదుర్గ బీటెక్ చదివింది. ఉద్యోగం దొరికేదాకా తల్లికి బదులు పనికి వస్తోంది. ఫోనులో విన్నదేదో చెబుతోంది.

"పిన్నీ, ఈ లోకం నిజం కాదేమోనంట. ఎవరో కంప్యూటర్లో నడిపించే ఆటంట. మనమంతా అందులో బొమ్మలమంట."

"మరి ఈ కారం మంటెందుకే?" పక్క వరుసలో ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. జైనాబీ నవ్వలేదు. ఆమె చెయ్యి ఆగింది.

"అంటే నొప్పి కూడా ఉత్తిదేనా అమ్మాయ్?"

"అయ్యుండొచ్చు పిన్నీ."

జైనాబీ కూతురు సిద్దికా డిగ్రీ చదువుతుండగా, కడుపులో పుండు ముదిరి చనిపోయింది. చివరి రోజంతా "అమ్మా, నొప్పే" అంటూనే ఉంది. ఆ నొప్పి అసలు లేనేలేదని ఎవరైనా చెబితే బాగుండునని జైనాబీ ఎన్నిసార్లు అనుకుందో! ఇప్పుడు ఒకరు చెప్పారు.

చాలాసేపు తలెత్తకుండా పనిచేసింది. పొద్దు వాలుతుండగా మెల్లగా అడిగింది.

"పోయేముందు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది మా సిద్దికా. ఆ పట్టు కూడా ఉత్తిదేనా?"

లక్ష్మీదుర్గ చేతిలోని కాయ పక్కన పెట్టింది. "నాకు తెలీదు పిన్నీ. ఏదో వాగాను."

"ఆ నొప్పి పోతే ఈ పట్టూ పోద్దిగా మరి." జైనాబీ మరో కాయ అందుకుంది. "వద్దులే. రెండూ ఉండనీ."

ఆ తర్వాత, ఇన్నేళ్లలో మొదటిసారి, కూతురి గురించి మాట్లాడింది. సిద్దికా నిద్రలో పాఠాలు అప్పజెప్పేదట. తప్పు చెబితే నిద్రలోనే నాలుక కరుచుకునేదట. చెబుతూ చెబుతూ తనే నవ్వింది.

లక్ష్మీదుర్గ టీ తెచ్చింది.

"అక్కడ పెట్టమ్మా, చల్లారనీ. ఆయాసంగా ఉంది, కాస్త ఒరుగుతా."

మిరప బస్తాకు వీపు ఆనించి కళ్లు మూసుకుంది. కాసేపటికి లక్ష్మీదుర్గ పిలిచింది. పలకలేదు. భుజం కదిపితే తల పక్కకు వాలిపోయింది.

ఆటో వచ్చేదాకా ఆ పిల్ల ఆమె తలను ఒళ్లోంచి దించలేదు. తర్వాత ఆడవాళ్లంతా కలిసి ఆమెను మోసుకెళ్లారు. ఖాళీ షెడ్డులో, బస్తా పక్కన, ముట్టని టీ మీద మీగడ కట్టింది. దానిమీద ఎర్రటి ధూళి సన్నగా దిగుతోంది.