అశోకానికి తన్నులు

గ్రంథాలయం వెనకాల ఉన్న అశోకం చెట్టుకు పద్దెనిమిదేళ్లు నిండాయి, ఒక్క పువ్వు పూసిన పాపాన పోలేదు. దాన్ని మొక్కగా తెచ్చి నాటింది తోటమాలే. వస్తూ పోతూ దాన్ని ఆవిడ తిట్టని రోజు లేదు, అలాగని ఇంకెవరైనా ఒక్క మాటంటే ఊరుకోదు. అలాంటిది, ఆ చెట్టు కొట్టేసి బళ్లు పెట్టుకోవడానికి షెడ్డు వేస్తామని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వచ్చే బుధవారం పెద్దాఫీసరమ్మ స్వయంగా వచ్చి, చూసి, సంతకం పెడుతుందట. ఆ రాత్రి తోటమాలికి ముద్ద దిగలేదు.

కాగితం చదివి వినిపించింది బావ, అంటే ఆవిడ అక్కమొగుడు. అదే గ్రంథాలయంలో పుస్తకాలకు నంబర్లు వేసి బీరువాల్లో సర్దుతాడు, తీరిక దొరికితే పద్యాలల్లుతాడు. ఆయన పద్యాల్లో లేని పిట్ట లేదు, పూయని తీగ లేదు. కిటికీ పక్కనున్న మందారాన్ని మాత్రం అదేం చెట్టని మరదల్నే అడుగుతాడు, మహానుభావుడు.

మరదలి దిగులు చూడలేక ఆయన తనకు చేతనైంది చేశాడు. గుమ్మం దగ్గర నల్లబల్ల మీద రోజూ రాసే మంచిమాట మానేసి, నాలుగు పంక్తుల పద్యం రాశాడు. ఎవరి కాలు తగులుతుందని ఇన్నేళ్లు ఎదురు చూస్తున్నావు అశోకమా అని దాని సారం. అందగత్తె కాలితో తన్నితే గానీ అశోకం పూయదని పాతకాలం కవులు రాసేవారు. ఆ సంగతి తెలిసినవాళ్లు చదివి కళ్లు తుడుచుకుంటారని, చెట్టు కొట్టొద్దని అర్జీ పెడతారని బావ ఆశ.

అర్జీ ఎవడు పెట్టాడు? సాయంత్రం లెక్కల టీచరమ్మ అటూ ఇటూ చూసి, చెప్పు విడిచి, చెట్టును ఒక్క తన్ను తన్నింది. మర్నాడు పళ్ల డాక్టరమ్మ వచ్చింది. మూడోనాడు కుట్టుపని చేసే ఆవిడ అత్తగారిని కూడా వెంటబెట్టుకొచ్చింది. అత్తగారు రెండు తన్నింది.

తోటమాలికి ఒళ్లు మండిపోయింది. చెట్టును కాపాడమంటే జనం చేత తన్నిస్తావా అని బావను దులిపేసింది. మనిషికీ చెట్టుకీ ఉన్న చుట్టరికాన్ని కవులు అలా చెప్పారని, అక్షరాలా తీసుకోకూడదని ఆయన నసిగాడు.

“చుట్టరికం చెప్పాలంటే తన్నులే దొరికాయా బావా?”

“కౌగిలించుకుంటే పూసే చెట్లు కూడా ఉన్నాయి, రాయనా?”

వద్దని దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజంతా కత్తెర పట్టుకుని పొదల చాటున కాపలా కాసింది, వచ్చినవాళ్లను తరిమేద్దామని. తరమలేకపోయింది. తన్నాలంటే ఒంటికాలి మీద నిలబడాలి కదా, పడిపోకుండా అందరూ ఆ చెట్టునే పట్టుకుంటున్నారు. ఏళ్ల తరబడి దాని పక్కనుంచి పోతూ తలెత్తి చూడని వాళ్లే, తన్నాక కాసేపు నిలబడి కొమ్మల్లోకి చూస్తున్నారు. నీళ్లు సరిగ్గా పోస్తున్నావా అని తననే అడుగుతున్నారు. ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బుధవారం పెద్దాఫీసరమ్మ రానే వచ్చింది. చెట్టుకు మొగ్గైనా లేదు. ఆవిడ బల్ల మీది పద్యం చదివింది, మళ్లీ చదివింది. కొలతల టేపు తెమ్మని వెంట వచ్చినవాళ్లందర్నీ లోపలికి పంపింది. పొదల వెనక తోటమాలి ఉన్నట్టు చూసుకోలేదు. చెప్పు విడిచి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి, చెట్టును పట్టుకుని తన్నింది. తిరిగి చూస్తే ఎదురుగా తోటమాలి. ఆఫీసరమ్మ మొహం కందగడ్డ అయింది.

“పూస్తుందంటావా?” అంది మెల్లగా.

చెట్ల విషయంలో తోటమాలి ఈ వయసు దాకా ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ ఒక్కటీ ఇప్పుడు ఆడేసింది.

“ఒక్క తన్నుకు పూయదమ్మా. వారం వారం రావాలి, కనీసం ఏడాదైనా.”

ఆఫీసరమ్మ చెప్పు తొడుక్కుని, సంతకం పెట్టని కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. మంగళవారాలైతే తనకు వీలవుతుందంది.

కారు గేటు దాటగానే బావ కిటికీలోంచి తల బయటపెట్టాడు. అంతా విన్నాడు. ఏడాది పాటు తన్నాలని ఏ కావ్యంలో ఉందని అడిగాడు.

“నాకేం తెలుసు బావా, చదువుకున్నోడివి నువ్వు. లేకపోతే రాసిపెట్టు. ఆవిడ మంగళవారం వస్తుంది.”