తురుముపీట కింద రుమాలు

ఇప్పటి పిల్లలు డబ్బా విప్పగానే నచ్చలేదని ఫోనులో రాసి పారేస్తారు. జపానులో మా త్సుబమె ఊళ్ళో నలభై ఐదేళ్ళ కిందట అలా కాదు. వస్తువు బాగాలేదని, దాన్ని చేసిన మనిషి మొహం మీద ఎవరూ అనేవారు కాదు. ఆ మర్యాదే ఒకసారి నన్ను నిలువునా ముంచబోయింది.

నగుమో గారి వంటసామాన్ల కార్ఖానాలో నేను ప్యాకింగ్ బల్ల దగ్గర ఉండేదాన్ని. ముల్లంగి పీచు పీచుగా కాకుండా మంచులా దిగే తురుముపీట చేస్తానని ఆయన ప్రాణం తీసి, మూడు నెలలు గడువు తెచ్చుకున్నాను. కుదరకపోతే మళ్ళీ ప్యాకింగే, ఇంకెప్పుడూ నోరెత్తకూడదు. పళ్ళ వరస ఎన్నిసార్లు మార్చానో! నా వేళ్ళ చర్మం సగం ఆ పళ్ళకే పోయింది.

గడువు ఆఖరి రోజున వాడకట్టు ఆడవాళ్ళు ఆరుగురు పరీక్షకి వచ్చారు. అందరిలోకీ పెద్దావిడ, సోయా జున్ను ముక్కలమ్మే టోఫు కొట్టు మిత్సుయె గారు.

"ఏమే తోకియె, ఈసారైనా మా వేళ్ళు మాకు మిగులుస్తావా?"

"మీ వేళ్ళకేం ఢోకా లేదు మామ్మా, భయపడాల్సింది ముల్లంగే!"

అందరూ నవ్వి, తడి బల్లల ముందు నిలబడి తురమడం మొదలెట్టారు. నేను గిన్నెల్లో పడుతున్న తురుము వంకే చూస్తున్నాను. తెల్లగా, మెత్తగా, ఒక్క పీచు లేదు. ఆనందం పట్టలేకపోయాను.

"బాగుంది", "చాలా బాగుంది" అన్నారు ఆరుగురూ. మిత్సుయె గారైతే "బ్రహ్మాండం!" అని ముల్లంగి సగం ముక్క సంచీలో వేసుకుని వెళ్ళిపోయారు.

బల్లలు తుడుస్తుంటే ఆవిడ తురుముపీట కింద నాలుగు మడతల రుమాలు కనిపించింది. నీలం గుడ్డ, తెల్ల తూనీగలు. మిగతా బల్లలు చూశాను. తడి మధ్యలో, పీట పెట్టిన ప్రతిచోటా అరచేయంత పొడి మచ్చ. పీట జారిపోతుంటే అందరూ గుట్టుగా రుమాళ్ళు వేసుకుని, గుట్టుగా తీసేసుకున్నారన్నమాట. మూడు నెలలూ పళ్ళ మీదే ధ్యాస పెట్టిన నేను ఒక్కసారైనా పీట అడుగు చూడలేదు.

ఊరుకుంటే ఎవరికీ తెలీదు. పరుగున మెట్లెక్కాను. పైన గదిలో నగుమో గారు నా పీట ఖాయమని రాసిన కాగితం మీద వేయడానికి ముద్రకి సిరా అద్దుతున్నారు.

"ఆగండి, వెయ్యకండి!"

"మతి పోయిందా? ఆరుగురూ బాగుందన్నారుగా!"

"అన్నారండీ. రుమాళ్ళు వేసుకుని అన్నారు."

ఆయన కిందికొచ్చి, తడి బల్ల మీద స్వయంగా తురిమి చూశారు. పీట జర్రున జారి తొట్లో పడింది. దాన్ని తీసి, అడుగు తిప్పి చూశారు.

"రెండు వారాలు" అన్నారు చివరికి. "ఆ తరవాత నన్ను బతిమాలకు."

రుమాలు ఉతికి, ఇస్త్రీ చేసి టోఫు కొట్టుకి పట్టుకెళ్ళాను.

"మామ్మా, మీరిది మర్చిపోయారు."

మిత్సుయె గారు ముప్పై ఏళ్ళ కిందట ఎవరికి ఎన్ని టోఫు ముక్కలు అరువిచ్చారో తేదీలతో సహా చెప్పే మనిషి. నా కళ్ళలోకి చూడకుండా నీళ్ళ తొట్టి వైపు తిరిగారు.

"వయసు మీద పడింది కదే, మర్చిపోయాను. ఉంచుకో. నాకు మళ్ళీ దాని అవసరం పడకుండా చూడు, చాలు."

దారిపొడుగునా ఏడుస్తూ నడిచాను.

రెండు వారాలకి పీట అడుగున నాలుగు రబ్బరు బిళ్ళలు అంటించాను. మిత్సుయె గారు వచ్చి తురిమారు. ఆవిడ ఎడమ చెయ్యి అలవాటుగా రుమాలు కోసం కిమోనో చేతి మడతలోకి వెళ్ళబోయి, ఆగిపోయింది.

"ఫర్వాలేదే" అన్నారు. ఆ ఒక్క మాటే. నగుమో గారు ముద్ర వేశారు.

ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు. చేప కాల్చిన రోజున నంజుకోడానికి ముల్లంగి ఇప్పటికీ ఆ పీట మీదే తురుముతాను. అది అంగుళం కూడా కదలదు. అయినా తూనీగల రుమాలు నాలుగు మడతలు పెట్టి, కింద వేసుకుంటాను.